ఆయన దాచిపోయిన స్విచ్చు

"ఆ స్విచ్చు యాడుందో జర చెప్పి పోరాదయ్యా?"

"నీకెందుకే? నేనొచ్చి ఏస్త."

మా ఆయనా నేనూ మాట్లాడుకున్న ఆఖరి మాటలు ఇవే. సూర్యాపేటలో దవాఖాన వరండా. ఆయన స్ట్రెచర్ మీద ఉన్నాడు, నేను ఆయన చెప్పులు చేతిలో పట్టుకుని పక్కన నడుస్తున్నాను. లోపలికి తీసుకుపోయి తలుపు వేశారు. ఆయన రాలేదు. స్విచ్చు వేయలేదు. పదకొండో రోజు భోజనాలకు వచ్చినవాళ్ళంతా విస్తరాకుల ముందు కూర్చుని, ఇచ్చిన మాట తప్పని మనిషి అని ఆయనను పొగిడారు. నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టారు కాబట్టి ఊరుకున్నాను. లేకపోతే ఒకటి తప్పాడని చెప్పేదాన్ని.

ఇది రాస్తున్నది మా అన్న కూతురు. నాకు సంతకం వస్తుంది, బస్సు బోర్డు మీద మా ఊరు కోదాడ అని ఉంటే తెలుస్తుంది, అంతకు మించి అక్షరాలతో నాకు పరిచయం లేదు. తను కోదాడలోనే ఒక ఇంజనీరింగు కాలేజీలో ల్యాబు చూసుకుంటుంది. ముప్పై రెండేళ్ళు. కుదిరిన సంబంధం ఒకటి చెడిపోయింది. అప్పటి నుంచి చుట్టాలు ఆమెను దవాఖానలో రోగిని పలకరించినట్టు పలకరిస్తారు. నేను చెప్పింది చెప్పినట్టు రాయమన్నాను. "యాస సాపు చేస్త అత్తా, లేకుంటే బయటోళ్ళకు సమజ్ కాదు" అన్నది. యాస సాపు చేసుకో, తిట్లు మాత్రం ముట్టుకోకు అన్నాను. మా ఒప్పందం అదీ.

స్విచ్చు అంటే మా గిర్నిది. పిండి, కారం, పసుపు పట్టే గిర్ని, ఇంటి ముందు గదిలో ఉంటుంది. మా ఆయన మిర్యాలగూడ రైసుమిల్లులో చాలా ఏళ్ళు ఫిట్టరుగా చేశాడు. అక్కడ పాతబడి పక్కన పడేసిన సామాను కొంత, కొన్నది కొంత తెచ్చి, ఒక్కో బోల్టు తనే బిగించి దీన్ని నిలబెట్టాడు. ఆ సంగతి ఆయన మరచిపోలేదు, మమ్మల్ని మరచిపోనివ్వలేదు. ఎవరు జొన్నలు తెచ్చినా ముందు గిర్ని పుట్టిన కథ వినాలి, ఆ తర్వాతే పిండి. "దీన్ని పుట్టిచ్చింది నేను" అనేవాడు. అదే చేత్తో నన్ను చూపించి, "దీన్ని మనిషిని చేసింది గూడ నేనే" అనేవాడు. చిలుకూరు నుంచి పెళ్ళయి వచ్చిన రోజు నాకు కాళ్ళూ చేతులూ ఉన్నట్టే గుర్తు. ఆయన ఎక్కడ ఏం బిగించాడో ఇప్పటికీ తెలియదు.

పుట్టించినవాడు కాబట్టి మీట నొక్కే హక్కు ఆయనది. గింజలు పోయడం, కింద డబ్బా పట్టడం, జల్లించడం, గది ఊడవడం, కారం పట్టిన రోజు తుమ్మడం నా వంతు. ఇరవై ఆరేళ్ళు. స్టార్టరు డబ్బా మీద పచ్చ బటను ఒకటి, ఎర్ర బటను ఒకటి నా ముఖానికి ఎదురుగానే ఉండేవి. ఒక పొద్దున ఆయన స్నానానికి పోయినప్పుడు పచ్చది నొక్కి చూశాను. ఏమీ కాలేదు. తల తుడుచుకుంటూ వచ్చి, నా ముఖం చూసి నవ్వాడు.

"నొక్కినవ్ గద? నేను లేంది అది లేవదే. ఇంకో స్విచ్చుంది, లోపల. దొంగల కోసం పెట్టిన."

ఇన్నేళ్ళలో ఆ గదిలో దొంగను నేను చూడలేదు. నేనూ గిర్నీ మాత్రమే ఉండేవాళ్ళం.

ఇంకొకటి. ఇంట్లో దీపం వెలిగిందో లేదో కూడా చూడని మనిషి, గిర్ని గదిలో మాత్రం మహా భక్తుడు. గోడకు నరసింహస్వామి పటం, దాని పైన ఎర్ర జీరో బల్బు. రోజూ పొద్దున "దండం పెట్టుకుంటున్న, అందరు బయట నిలవడుండ్రి" అని తలుపు వేసుకునేవాడు. గింజల సంచులు పట్టుకుని మేమంతా చెప్పుల దగ్గర నిలబడేవాళ్ళం. లోపలి నుంచి అగరుబత్తి వాసన వచ్చేది. "మీ ఆయనకు భక్తి మస్తుంది" అనేవాళ్ళు. నేను గర్వపడేదాన్ని. రాయి బిడ్డా, గర్వపడ్డానని రాయి, దాచకు.

ఆయన పోయాక మా బావ, అంటే మా ఆయన అన్న, గరిడేపల్లి నుంచి వచ్చి అన్ని పనులూ దగ్గరుండి చేయించాడు. ఏడాది దాకా సూతకం కాబట్టి దేవుళ్ళ జోలికి పోవద్దని తోడికోడలు ఇంట్లో పటాలకూ గిర్నిలో పటానికీ తెల్లగుడ్డ కప్పింది. బావ గిర్నికి తాళం వేసి, తాళంచెవి తన జేబులో వేసుకున్నాడు. నా బరువు తగ్గించడానికట. తాళంచెవి ఎంత బరువుంటుందో నాకు తెలియదు, ఎప్పుడూ నా చేతికి రాలేదు.

నాకు తోడుగా ఉండడానికి వచ్చిన మా అన్న కూతురు, తనతో పాటు ఒక జపాను బొమ్మల సీరియల్‌ను కూడా తెచ్చింది. సాయంత్రం కాలేజీ నుంచి రాగానే ఫోనును స్టీలు గ్లాసుకు ఆనించి పెట్టేది. వాళ్ళ భాషలో వాళ్ళు అరుస్తుంటే కింద అక్షరాలు పడేవి, అవి చదివి నాకు చెప్పేది. మూడంతస్తుల ఎత్తు ఇనుప మనుషులు. ఒక్కొక్కరి కడుపులో ఒక పిల్ల కూర్చుని నడపాలి. మొదటి రోజు నాకు వచ్చిన అనుమానం ఒకటే.

"గింత పెద్ద మిషినికి గ్రీజు ఎవరు పెడ్తరే?"

"కథ సూడు అత్తా."

"కథ తర్వాత. ఆ మోకాలు సూడు, ఎట్ల పొడిగున్నదో. నాలుగడుగులేస్తే పట్టేస్తది."

కథ ఏమిటంటే, ఒక పెద్దాయన ఉంటాడు. తెల్లబట్టలు, ఎత్తైన మేడ. ఆ ఇనుప మనుషులను చేసింది ఆయనే, వాటిని నడపడానికి ఆ పిల్లలను తయారుచేసిందీ ఆయనేనట. చెప్పినట్టు వినేవాళ్ళను మేడ మీద ఉంచుకున్నాడు. చేయి వణికినవాళ్ళనూ, ఎదురు ప్రశ్న అడిగినవాళ్ళనూ పనికిరారని కింద చెత్తగుంటలో పారేశాడు. వాళ్ళు అక్కడ విరిగిపడ్డ ఇనుప కాళ్ళూ చేతులూ ఏరుకుని, అతుకులు వేసి, వాటిలో కూర్చుని పైకి వస్తారు. ముందు నడిచేది ఒంటిచేతి పిల్ల. సగం దూరం ఎక్కుతారో లేదో, పెద్దాయన మేడ మీద కూర్చుని ఏదో నొక్కుతాడు. మిషన్లన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. ఆయన నింపాదిగా టీ తాగుతూ అడుగుతాడు, మిమ్మల్ని చేసింది నేనైతే మీకు కోపం ఎక్కడి నుంచి వచ్చిందీ అని.

నేను అన్నం పళ్ళెం కింద పెట్టేశాను. "ఈయన నాకెరికే."

"నీకెట్లెరుక అత్తా?"

"ఇరవై ఆరేండ్లు అన్నం పెట్టిన."

మూడో రోజుకు పచ్చళ్ళామె కూడా వచ్చి చేరింది. ఎదురు సందులో ఉంటుంది. ఆంధ్ర వైపు మనిషి, చర్చికి పోతుంది, పచ్చళ్ళు పెట్టి అమ్ముకుంటుంది. ఆమె మొగుడు ఇంకొకామెతో ఎటో పోయాడు. అతను పోతే తప్పు ఈమెదని అత్తగారు ఇంట్లో నుంచి పంపేశారు. మా గిర్ని మూతపడ్డాక మిరపకాయలు పట్టించడానికి ఆటోలో ఊరి ఆ చివరికి పోవాల్సి వస్తోందని రోజూ నా దగ్గర ఏడ్చేది. ఆ పెద్దాయన మీట నొక్కినప్పుడల్లా నాకంటే ఆమే ఎక్కువ తిట్టేది.

"మరి మిమ్మల్ని పుట్టిచ్చిన దేవుడు గూడ ఇట్లనే స్విచ్చు పెట్టిండా?" అని ఉడికించాను.

"పెట్టలేదు వదినా. పెట్టుంటే మా ఆయన్ని బస్టాండులోనే ఆపేసేవాడుగా."

అట్లా ముగ్గురం ఒక ఫోను ముందు. మొగుడు చచ్చినది, మొగుడు వదిలేసినది, మొగుడే రానిది. మమ్మల్ని పిలవకుండా ఉంటే చాలు, కోదాడలో పెళ్ళిళ్ళన్నీ నిర్విఘ్నంగా జరిగిపోతాయని చాలామంది నమ్మకం.

మూడో నెలలో బావ వచ్చాడు. వెంట మిర్యాలగూడ నుంచి ఒక మెకానిక్కును తెచ్చాడు.

"ఏం జేస్తవమ్మా దాన్ని ఉంచుకొని? తమ్ముడు జేసిండు, తమ్మునితోనే పోయింది. నడిస్తే ఎవరికన్న అమ్ముదాం, నడవకుంటే పాతినుముకు ఏద్దాం. ముందు రూం కిరాయికిద్దాం. నువ్వొచ్చి మా ఇంట్ల ఉండు."

"నేను నడుపుత బావా."

బావ మెకానిక్కును చూశాడు. మెకానిక్కు బావను చూశాడు. ఇద్దరూ మర్యాదస్తులు, నవ్వలేదు.

గరిడేపల్లిలో బావ వాళ్ళింట్లో నాకు ఇస్తానన్న చోటు నాకు తెలుసు. బియ్యం బస్తాలకూ స్నానాలగదికీ మధ్య ఒక మంచం పడుతుంది. పొద్దున తోడికోడలు గొంతుతో లేవాలి, రాత్రి ఆ గొంతుతోనే పడుకోవాలి. పిల్లల ముక్కులు తుడవాలి, ఎవరైనా బయటికి పోతుంటే వాళ్ళకు ఎదురు రాకుండా తలుపు చాటున ఉండాలి. గిర్ని లేస్తే నేను కోదాడలో నా ఇంట్లో ఉంటాను. లేవకపోతే ఆ మంచం. ఇంతే లెక్క.

మెకానిక్కు పచ్చ బటను నొక్కాడు. ఏమీ కాలేదు. డబ్బా విప్పి, టెస్టరు పెట్టి, నిట్టూర్చాడు. "మోటరు కాలింది."

"కాలితే వాసన రావాలె గదన్నా? ఆయన దవాఖానకు పోయినరోజు గూడ నడిచింది. నేనే డబ్బా పట్టిన."

"వాసన పోయుంటదమ్మా. మూడు నెలలాయె."

కాలిన మోటరు వాసన గోడలకు పట్టి ఏడాది ఉంటుంది. ఆ సంగతి మెకానిక్కుకు చెప్పబోయాను, బావ నా వైపు చూసిన చూపుకు మింగేశాను. ఇంతలో మెకానిక్కుకు ఒక వైరు కనిపించింది. డబ్బాలో నుంచి గోడ పట్టుకుని పైకి, పటం దాకా పోయింది. "ఇదెందుకు పైకి పోయింది?" అని తెల్లగుడ్డ మీద చెయ్యి వేయబోయాడు.

"ఏయ్, ముట్టకు!" బావ అరిచాడు. "అది దేవుని బల్బు వైరు. సూతకం ఇల్లిది."

మెకానిక్కు చెయ్యి వెనక్కి తీసుకుని లెంపలు వేసుకున్నాడు. బావ వేసుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడి నేను కూడా వేసుకున్నాను. ముగ్గురం కలిసి ఆ దాపరికాన్ని చక్కగా కాపాడాం. పాత ఇనుము బండి గురువారం వస్తుందని చెప్పి, తాళం వేసుకుని పోయారు.

బుధవారం సాయంత్రం సీరియల్‌లో ఆ కింది గుంట పిల్లలు, పెద్దాయన నొక్కేది ఎక్కడుందో వెతుకుతున్నారు. నేను గోంగూర తుంచుతూ వింటున్నాను. చేతికర్రలో ఉందని పచ్చళ్ళామె పందెం కాసింది. మా అన్న కూతురికి చదువుకున్న ధీమా.

"కర్రల ఎందుకుంటది? రోజూ అందరిని బయటికి తోలి ఒక్కడే తలుపేసుకుంటడు గద, గా రూంలనే ఉంటది."

అది తప్పని పది నిమిషాల్లో తేలింది. పెద్దాయన కళ్ళజోడులో పెట్టుకున్నాడట. వాళ్ళిద్దరూ గెలిచింది ఎవరని కొట్లాడుకుంటున్నారు. నా చేతిలో గోంగూర కట్ట అట్లాగే ఉంది.

"పటం ఎనక ఉంది" అన్నాను.

"కాదత్తా, కండ్లద్దాలల్ల..."

"మన దాంది. స్వామి పటం ఎనక."

ఇద్దరికీ అర్థమయ్యేసరికి కొంతసేపు పట్టింది. అప్పుడు మొదలైంది భయం. "అమ్మో, పటం ముట్టుకుంటావా వదినా?" అన్నది చర్చికి పోయే పచ్చళ్ళామె. "ఇంకా ఏడాది కాలే అత్తా" అన్నది ల్యాబులో కరెంటుతో ఆడుకునే మా అన్న కూతురు. చూశారా, పై నుంచి ఆపడానికి ఎవరూ అక్కర్లేదు. ఒకరికొకరం సరిపోతాం.

స్విచ్చు దాచాడని కాదు నా కోపం. దాచడం ఆయన గుణం, ఉప్పు డబ్బాను కూడా దాచిన మనిషి. నా కోపం అగరుబత్తి మీద. ఇరవై ఆరేళ్ళు చెప్పుల మధ్య నిలబడి, లోపల ఆయన దేవుడికి దండం పెడుతున్నాడనుకుని నేను కూడా కళ్ళు మూసుకుని పెట్టాను. పిల్లలు పుట్టాలని పెట్టాను. ఆయన దగ్గు తగ్గాలని పెట్టాను. అన్నీ స్విచ్చుకు పోయాయి.

గురువారం పొద్దున ట్రాలీ ఆటో వచ్చింది. బావ తాళం తీశాడు. ఇద్దరు పనివాళ్ళు పానాలు పట్టుకుని లోపలికి పోయారు. ఒకతను బెల్టు పక్కన కూర్చుని కింది బోల్టుకు పానా తగిలించాడు. నేను వాళ్ళ వెనకే పోయాను.

"ఓ అన్నా, బెల్టు కాడికెల్లి జర జరుగు."

"ఎందుకమ్మా?"

"జరుగమన్న గద."

పోయి పటం మీది గుడ్డ లాగాను.

"ఏందమ్మా అది! ముట్టకు!" బావ మళ్ళీ అరిచాడు. "ఏడాది గాలే. అరిష్టమైతది!"

"అరిష్టం మూడు నెలల కిందనే అయింది గద బావా. ఇంకేం మిగిలింది?"

పటం రెండు చేతులతో ఎత్తి పక్కన పెట్టాను. నేనెప్పుడూ ముట్టుకోలేదు కాబట్టి అంత బరువని తెలియదు. గోడలో ఒక మామూలు స్విచ్చు ఉంది, స్నానాలగదిలో లైటు వేసుకునేలాంటిది. ఇంత రహస్యానికి కనీసం రంగుదైనా పెట్టలేదు. దాని చుట్టూ సున్నం మీద గ్రీజు మరకలు, బొటనవేలు అంతవి, ఒకదాని మీద ఒకటి. స్విచ్చు వేశాను. వచ్చి పచ్చ బటను నొక్కాను.

గిర్ని లేచింది.

బెల్టు మీది మూడు నెలల దుమ్ము మా నెత్తిన పడింది. పానా పట్టుకున్నతను ఎగిరి బావ కాళ్ళ మీద పడ్డాడు. నేను చెయ్యి పెట్టి చూశాను, మోటరు చల్లగా ఉంది. కాలిన మోటరైతే లేవగానే వేడెక్కేది.

బావ ఖాళీ బస్తా మీద కూలబడ్డాడు. నన్ను తిడతాడనుకున్నాను. పటం తీసిన గోడనే చూస్తున్నాడు.

"నాకు గూడ చెప్పలే" అన్నాడు. "ఒక్క కడుపున పుట్టినోణ్ణి. నాకు గూడ చెప్పలే సూడు."

ఆ మూడు నెలల్లో మొదటిసారి మా బావ మీద నాకు జాలేసింది. నువ్వు కూడా కింద గుంటలోనే ఉన్నావు బావా అందామనుకున్నాను. ఆయన సీరియల్ చూడలేదు, అర్థం కాదు. మంచినీళ్ళు ఇచ్చాను. నీళ్ళు తాగాక ఆయనకు మళ్ళీ పెద్దరికం వచ్చింది.

"అయినా ముండమోసిన చేతికి పసుపెవరిస్తరమ్మా? కారమెవరిస్తరు? ఎవరొస్తరు నీ గిర్నికి?"

ఇంతలో పచ్చళ్ళామె డబ్బా నిండా ఎండుమిరపకాయలు ఎత్తుకుని లోపలికి వచ్చింది. "కాస్త తప్పుకోండి అన్నయ్యగారూ" అని ఆయనను దాటి, డబ్బా నా ముందు పెట్టింది. పోశాను. అదురుతున్న గిర్నిలో మిరపకాయలు పడ్డాక ఆ గదిలో ఉండగలిగేది నేనొక్కదాన్నే, ఇరవై ఆరేళ్ళ సాధన. బావా, ఇద్దరు పనివాళ్ళూ, ట్రాలీ డ్రైవరూ తుమ్ముకుంటూ రోడ్డు మీదికి పోయారు. ట్రాలీ ఖాళీగా పోయింది. బావ వెనక్కి వచ్చి, ముక్కుకు కండువా అడ్డం పెట్టుకుని, తాళంచెవి గుమ్మం మీద పెట్టి పోయాడు. నా చేతికి ఇవ్వలేదు. ఫరవాలేదు, వంగి తీసుకున్నాను.

తర్వాత కోదాడ అంతా మారిపోయిందని రాయకు బిడ్డా. ఏమీ మారలేదు. జొన్నలు, గోధుమలు, కారం నా దగ్గరికి వస్తాయి, పెళ్ళి పసుపు మాత్రం మా గిర్ని దాటుకుని ఆ చివరి గిర్నికి పోతుంది. మొన్న ఒకామె బిడ్డ పెళ్ళికని పసుపు కొమ్ములు తెచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. ఆ చివరి గిర్ని చెడిపోయిందట.

"అక్కా, మీట నొక్కనీకి ముత్తైదువ ఎవరన్న ఉన్నరా?"

"ముగ్గురమున్నం. సూస్కొని ఏరుకో."

ఆమె నన్ను చూసింది, మా అన్న కూతురిని చూసింది, పచ్చళ్ళామెను చూసింది. చాలాసేపు ఆలోచించి పచ్చళ్ళామెను ఏరుకుంది. మొగుడు ఎక్కడో ఒకచోట బతికే ఉన్నాడు కదా. పచ్చళ్ళామె చేతులు కడుక్కుని వచ్చి, యేసయ్యా అనుకుని, పచ్చ బటను నొక్కింది. ఆ మొగుడు ఆమెకు ఇన్నేళ్ళకు ఒక్క పనికి పనికొచ్చాడు.

ఇప్పుడెందుకు ఆ స్విచ్చు, తీసేయిస్తాను అని మా అన్న కూతురు అంటుంది. ఉండనీ అన్నాను. రోజూ పొద్దున నేనే వేస్తాను, తలుపు బార్లా తెరిచి, అందరూ చూస్తుండగా. ఎక్కడుందో ఇద్దరికీ చూపించాను, ఇప్పుడు మీకూ చెప్పాను. పటం పక్క గోడకు పెట్టాను, స్వామికి కూడా కాస్త ఊపిరి ఆడుతుంది. స్విచ్చు చుట్టూ ఉన్న ఆ గ్రీజు మరకలు తుడవలేదు. సోమరితనం అనుకోండి.

సీరియల్ ఆఖరి భాగం ఇంకా చూడలేదు. ఒంటిచేతి పిల్ల మేడ దాకా పోయింది, పెద్దాయన ఎదుట నిలబడింది, అక్కడ ఆపించాను. ఆయన చస్తే నాకు ఏడుపు వస్తుందేమోనని అనుమానం. వీళ్ళిద్దరి ముందు ఆ పరువు తక్కువ పని నేను చేయలేను.

అయిపోయింది. ఇగ సదువు బిడ్డా, మొదటికెల్లి సదువు. నేను తిట్టినయన్ని ఉన్నయా, మెత్తగ జేసినవా సూస్త. ఆయన మాట కాడ జర ఆయన లెక్కనే సదువు, గొంతు పెద్దగ జేసి. ఆగాగు, ఈ గిర్ని సప్పుడుల ఏమినవడ్తది? కూసో. నేను పోయి స్విచ్చు బంద్ జేసొస్త.